ముందు సీటు కింద పెట్టె

కోడుమూరు,
22-6-2025.

చిరంజీవి ఉమామహేశ్వరకు తాత దీవెనలు.

నా రాత చూసి నవ్వుకోవద్దు. చెయ్యి వణుకుతుంది. వత్తులు ఎక్కడ పెట్టాలో ఐదో తరగతిలోనే మరిచిపోయినాను. తెలియని చోట మీ అమ్మతో చదివించుకో. జీవమ్మ నా బిడ్డ కాబట్టి నా రాత దానికి తెలుస్తుంది. ఫోను చేద్దామంటే నువ్వు మాట్లాడేది నాకు వినపడదు, నేను మాట్లాడేది వీధంతా వింటుంది. అందుకే ఈ కాగితం.

మీ చెల్లెలు శివలీల రాయచోటి నుంచి జాబు రాసింది. బిడ్డకు మూడో నెల పడుతుంది కాబట్టి శ్రావణంలో, ఆగస్టు పదో తేదీ ఆదివారం, అత్తగారింట్లో తొట్టిలలో వేస్తారంట. సాహితి అని పేరు అనుకున్నారంట. బాగుంది. తొట్టిల పుట్టింటి నుంచే పోవాలి కదా. మీ అమ్మ పడుకున్నది, నువ్వూ శివలీలా పడుకున్నది మన అటక మీదనే ఉంది. దించినాను. ఒక కోడు చెద తిన్నది. కొత్తది చెక్కించినాను. మీ అవ్వ చింతపండు పెట్టి ఇత్తడి గొలుసులు తోముతా ఉంది.

నువ్వు కారు కొన్నావని తెలిసి సంతోషం. పాతదైతే ఏమి, నాలుగు చక్రాలూ తిరిగితే చాలు. ఆ కారు తెచ్చి తొట్టిలనూ మీ అవ్వనూ తీసుకుపో.

నేను రాను. కోపం చేసుకోవద్దు. బిడ్డ చెవిలో పేరు తాతనే చెప్పాలని శివలీల రాసింది. అదే నాకు భయం. నా గొంతు ఎంత పెద్దగా వస్తుందో నాకు తెలియడం లేదు. మైదుకూరు పెళ్లి నీకు గుర్తుండే ఉంటుంది. మేళం ఆగిన సంగతి నాకు తెలియలేదు. "పప్పులో ఉప్పు లేదప్పా" అని నేను అన్న మాటకు పందిరి మొత్తం తిరిగి చూసింది, పెళ్లికూతురుతో సహా. ఆ నవ్వులు నాకు వినపడలేదు గానీ కనపడినాయి. నాలుగేండ్లయింది. అప్పటి నుంచి ఎవరి గడపా తొక్కలేదు. మూడు నెలల పసిబిడ్డ చెవిలో నేను అరిస్తే దాని గతి ఏమి?

ఇక్కడ వాన లేదు. ఇంట్లోనే కూచుని చేనేత సొసైటీకి నూలు కండెలు చుడుతున్నాను.

మీ తాత,
రామలింగప్ప.


కడప,
29-6-2025.

తాతకు, అవ్వకు ఉమామహేశ్వర దండాలు.

నీ జాబు అందింది తాతా. రాత బాగానే ఉంది, అమ్మ సాయం లేకుండానే చదువుకున్నాను. అమ్మ మాత్రం ఊరికే ఉండక నా చేతిలోంచి లాక్కుని మళ్లీ చదివింది. "మా నాయన రానంటే రాడు, మొండిమనిషి" అని అంటోంది. నేను మాత్రం నువ్వు వస్తావనే లెక్క వేసుకున్నాను.

ఇప్పుడు నీతో ఒక పని పడింది. నేను పని చేసే అంగడిలో కార్లకు పాటల సెట్లు బిగిస్తామని నీకు తెలుసు. నా కారుకు కూడా బిగించుకుంటున్నాను. అందులో సబ్‌వూఫర్ అని ఒక పెట్టె ఉంటుంది. పాటలో గొంతు, పిల్లనగ్రోవి లాంటివి మామూలు స్పీకర్లు చూసుకుంటాయి. డోలు దెబ్బ, భూమిలోంచి వచ్చినట్టుండే కింది చప్పుడు మాత్రం ఈ పెట్టెలోంచి రావాలి. అది చెవికన్నా ముందు ఒంటికి తెలుస్తుంది. సమస్య ఏమిటంటే దాన్ని ఎక్కడ పెట్టామన్నదాన్ని బట్టి చప్పుడు మారిపోతుంది. మా అంగడి అయ్యన్న "డిక్కీలో మూలకేసి కొట్టప్పా, కారు కారే అదిరిపోతాది" అంటాడు. వెనక సీటు కింద అని ఒకరు, ముందు సీటు కింద అని ఇంకొకరు. నాకు ఎటూ తేలలేదు. అప్పుడు నువ్వు గుర్తొచ్చావు.

మన వీధిలో ఎవరు మగ్గం వేసుకున్నా గుంత ఎక్కడ తవ్వాలో చెప్పడానికి నిన్నే పిలిచేవాళ్లు కదా. ఒకరు రోకలితో నేల దంచుతుంటే, నువ్వు చెప్పులు విడిచి, కళ్లు మూసుకుని, ఇల్లంతా అడుగులో అడుగు వేసుకుంటూ తిరిగేవాడివి. ఒకచోట ఆగి "ఈడ తవ్వండప్పా" అనేవాడివి. నీ వెనకాలే కళ్లు మూసుకుని తిరిగి నేను గోడకు గుద్దుకున్నాను కూడా. ఆ గుంతలో కాళ్లు పెట్టుకుని జీవితమంతా నేసిన ఒక్కరూ చోటు బాగలేదని అనలేదు. కాబట్టి నా పెట్టెకు కూడా నువ్వే చోటు చెప్పు.

ఇంకో మాట. నువ్వు రాకపోతే నేను తొట్టిల కూడా తీసుకుపోను. డిక్కీ నిండా పెట్టె పెట్టుకుని పాటలు వింటూ ఒక్కడినే రాయచోటి పోతాను. ఆలోచించుకో.

మనవడు,
ఉమా.


కోడుమూరు,
5-7-2025.

చిరంజీవి ఉమాకు.

జాబు మూడుసార్లు చదివినాను.

డిక్కీలో పెట్టె వస్తుంది కాబట్టి తొట్టిలకు చోటు లేదన్నావు. సరే. కారు నీది. తొట్టిలను విప్పి కట్టలు కట్టినాను. గొలుసులు గోనెసంచిలో చుట్టినాను. కర్నూలు దాకా ఆటోలో పంపి అక్కడ లారీ ఆఫీసులో వేయిస్తాను. రాయచోటిలో శివలీల ఇంటివాళ్లను దించుకోమని చెప్పు. "పిల్లోడు ఆటకు రాసినాడు గమ్మునుండు" అని మీ అవ్వ చేతులు తిప్పి చెబుతోంది. ఆటకైతే ఆట అని రాయాలి కదా. కాగితంలో మొహం కనపడదు.

నీ పెట్టె సంగతి. నేను అట్లాంటిది చూడలేదు. నాకు తెలిసింది మగ్గం ఒకటే. అదే చెబుతాను.

మగ్గానికి శత్రువు అదురు. పక్కింట్లో వడ్లు దంచినా పడుగులో పోగులు తెగుతాయి. అందుకే వీధి గోడ దగ్గర రోకలితో దంచమని, లోపల నాలుగు పక్కలా కాళ్లు పెట్టి చూసేవాన్ని. అదురు ఎక్కడ తక్కువ ఉంటే అక్కడ తవ్వించేవాన్ని. మూల పనికిరాదు. మూలలో అదురంతా పోగవుతుంది. నేల డొల్లగా ఉన్నచోట అసలు పనికిరాదు. నీ పెట్టెకు కూడా అట్లే చూడు. కారులో అదురు తక్కువ ఉన్న చోటు వెతుకు. అక్కడ గుంత లాంటిది ఉంటే ఇంకా మేలు. గుంతలోకి దించి పైన చెక్క మూత వెయ్యి. నిలకడగా ఉంటుంది.

మగ్గం నేసే దాసన్న కూతురికి సంబంధం కుదిరిందని మీ అవ్వ చెప్పింది. నేను పోలేదు. పక్క వీధే గానీ పోలేదు.

తాత.


కడప,
12-7-2025.

తాతా, నా తప్పు. చెంపలు వేసుకుంటున్నాను. ఆటకే రాశాను, ఇంత పెద్ద అక్షరాలతో ఆట అని రాస్తున్నాను చూసుకో. తొట్టిలను లారీకి వెయ్యొద్దు. వేసి ఉంటే తెప్పించు. అమ్మ నన్ను నాలుగు మాటలు అనింది, వాటిని కాగితం మీద పెట్టలేను.

నువ్వు చెప్పినట్టే చేశాను. పెట్టెను ముందు సీట్లో కూచోబెట్టి డోలు మేళం పెట్టి, నేను వెనక సీటు మీద, డిక్కీలో, కాళ్ల దగ్గర, మోకాళ్ల మీద పాక్కుంటూ అరచేతులు ఆనించి చూశాను. అంగట్లో వాళ్లందరూ పని ఆపి నన్నే చూశారు. "ఏందప్పా ఉమా, ఉంగరం పోయిందా?" అని అయ్యన్న. అదురు అన్నిటికంటే తక్కువ ఉన్న చోటు దొరికింది. నమ్ముతావో లేదో, అది నిజంగా గుంతే. డిక్కీ అడుగున స్టెప్నీ పెట్టే గుంత ఉంటుంది కదా, అదే. కారుకు కూడా గుంత ఉంటుందని మా తాత చూడకుండానే చెప్పాడని అందరికీ గొప్పగా చెప్పాను. టైరు తీసి అంగట్లో పెట్టి, పెట్టెను గుంతలోకి దించి, పైన చెక్క మూత వేశాను.

పాట పెట్టాను. నోట్లో గుడ్డ కుక్కినట్టయింది తాతా. డోలు ఉందో లేదో ఆ దేవునికే తెలియాలి. సరే, నడుస్తుంటే సర్దుకుంటుందేమోనని మొన్న గురువారం అమ్మను ఎక్కించుకుని బిడ్డను చూడ్డానికి రాయచోటి బయలుదేరాను. గువ్వలచెరువు ఘాట్ ఎక్కుతుండగా మలుపులో టైరు పంచరైంది. డిక్కీ తీసి చెక్క ఎత్తితే ఏముంటుంది? టైరు ఉండాల్సిన చోట పాటల పెట్టె. ఒక లారీ ఆయన ఆగాడు.

"ఏమప్పా, స్టెప్నీ యాడ?"

"అంగట్లో ఉండాది."

"మరి ఇదేంది?"

"పాటల పెట్టె అన్నా."

ఆయన లోపలికి తొంగి చూసి, "శానా బాగుండాది. పాట ఏసుకోని తోసుకోని పో" అన్నాడు. మళ్లీ ఆయనే జాలిపడి టైరునూ నన్నూ లారీలో ఎక్కించుకుని పోయి పంచరు వేయించి పంపాడు. మూడు గంటలు పట్టింది. అంతసేపూ అమ్మ కారులో కూచుని ఉంది. శివలీలకని చేసిన మురుకులన్నీ కోతులు తిన్నాయి. అమ్మ కూడా కొన్ని తినిందని నా అనుమానం.

బిడ్డ బాగుంది. నీ చెవులే దానికి, ఇంతింత. శివలీల మళ్లీ మళ్లీ చెప్పింది, పేరు తాతనే చెప్పాలి అని.

ఉమా.


కోడుమూరు,
18-7-2025.

చిరంజీవి ఉమాకు.

నీ జాబు చదివి అన్నం సహించలేదు. జీవమ్మను మూడు గంటలు ఘాట్‌లో కూచోబెట్టింది నేనే. చూడని వస్తువుకు చోటు చెప్పకూడదు. చెప్పినాను. తప్పు. టైరు తెచ్చి దాని గుంతలో దాన్ని పెట్టు. ముందు ఆ పని చెయ్యి.

నువ్వు రాసింది చదివితే నాకు ఒక సంగతి తెలియడం లేదు. అదురు తగ్గింది కాబట్టి పాట బాగలేదంటున్నావు. అంటే నీకు అదురు కావాల్నా? నా బతుకంతా అదురు లేని చోటు వెతికినాను. అది కావాలని కోరుకునేవాళ్లు ఎవరుంటారు? ఎవరికి కావాలి? ఈ మాటకు జవాబు రాయి. ఇక చోటు సంగతి నన్ను అడగొద్దు.

కింద నాలుగు ముక్కలు మీ అవ్వ రాయమంటా ఉంది. నా పక్కనే కూచుని నా మొహంలోకి చూసి చెబుతోంది, నేను రాస్తున్నాను.

"ఒరే ఉమా, నేను ఉరుకుందమ్మను చెప్తాండా. ఆ దడదడ పెట్టె కోసరం మా బిడ్డను కోతుల పాలు చేస్తావా? ఈసారి నన్ను ఎక్కించుకోని పోయేటప్పుడు టైరు లేకపోతే నిన్నే చక్రం మాదిరి కడతా. మీ తాత గొలుసులు మళ్లీ సంచిలోంచి తీసినాడు. రోజుకొకసారి తీస్తాడు, చూస్తాడు, చుడతాడు. పోవల్లని ఉండాది. నోటితో చెప్పడు."

చివరి మాటలు నేను రాయనన్నాను. కాగితం లాక్కుంటానంది. అందుకని రాసినాను.

తాత.


కడప,
24-7-2025.

తాతకు దండాలు.

టైరు గుంతలోకి చేరింది. అవ్వకు చెప్పు, నన్ను చక్రంగా కట్టే పని లేదు.

అదురు ఎవరికి కావాలి అని అడిగావు. నీకు కావాలి తాతా. ముందే చెప్పాల్సింది. చెబితే వద్దంటావని దాచాను.

పోయిన ఉగాదికి నేను ఊళ్లో ఉన్నాను కదా. దేవుని మెరవణి మన వీధిలోంచి పోయింది. అందరం బయట అరుగు మీద ఉన్నాం. నువ్వు లోపల తలుపు చాటున, గుంజకు అరచెయ్యి ఆనించి నిలబడ్డావు. డోళ్లు ఇంటి ముందుకొచ్చాయి. నీ కాలి బొటనవేలు నేల మీద తాళం వేసింది. ఒక్క దెబ్బ తప్పలేదు. డోళ్లు మలుపు తిరిగి పోయాక కూడా నువ్వు గుంజ మీంచి చెయ్యి తియ్యలేదు. నేను చూశానని నీకు తెలియదు.

ఆ రోజే అనుకున్నాను, తాతకు చెవులు పోయాయి గానీ కాళ్లు పోలేదు అని. పాతదైనా ఒక కారు కొని, ఈ పెట్టెను నీ కాళ్లకు అందే చోట పెట్టి, నిన్ను కూచోబెట్టుకుని పోవాలని. అయ్యన్నకు చెబితే పెద్దగా నవ్వి, "చెవిటాయనకు సౌండ్ సెట్టా? రేపు గుడ్డోని బండికి అద్దాలు గూడా బిగిస్తావేమప్పా" అన్నాడు. నవ్వితే నవ్వనీ అనుకున్నాను.

ఎక్కడ పెట్టాలో నీ కాళ్లకే తెలుసు. ఒక్కసారి చెప్పు.

ఉమా.


కోడుమూరు,
29-7-2025.

ఉమాకు.

నేను రాను. మైదుకూరులో నవ్వింది చాలు. ఇప్పుడు కడపలో కూడా అంగడి పెట్టి నవ్వుతున్నారు. చెవిటోనికి పాట వినిపించి చూసే ఆట నాకు వద్దు. తొట్టిల సిద్ధంగా ఉంది. మీ అవ్వ సిద్ధంగా ఉంది. తీసుకుపో.

మగ్గానికి అన్నిటికంటే చెడ్డ చోటు ఏదంటే కాళ్ల కింద డొల్లగా ఉండి, పైన బరువు ఉన్న చోటు. అక్కడ గుంత తవ్వితే రోకలి దెబ్బ నేరుగా మోకాళ్లకు వస్తుంది. అడిగినావు కాబట్టి చెప్పినాను.

తాత.


కడప,
3-8-2025.

తాతా,

నీ కార్డు పట్టుకుని చాలాసేపు కూచున్నాను. మొదటి సగానికి బాధపడాలా, రెండో సగానికి సంతోషపడాలా తెలియలేదు. అయ్యన్న మాట నేను రాయకుండా ఉండాల్సింది. ఆ కార్డు ఆయనకు చూపించాను. చదివి నాకు తిరిగి ఇచ్చాడు. ఆ తర్వాత వాచీ విప్పి జేబులో పెట్టుకుని "రాప్పా, చూద్దాం" అని కారు దగ్గరకు వచ్చాడు.

పైన బరువు, కింద డొల్ల. కారులో అలాంటి చోటు ఒకటే, ముందు సీటు కింద. సీటు మీద మనిషి బరువు ఉంటుంది, అడుగున రేకు ఉంటుంది. కానీ నా పెట్టె అక్కడ పట్టదు. అయ్యన్న దాన్ని వెనక్కు తీసుకుని, మనం బడికి మోసుకుపోయిన పలక లాంటి బల్లపరుపు పెట్టె ఒకటి ఇచ్చాడు.

ఆ తర్వాత అమ్మను పిలిపించాం. అమ్మ నీ బిడ్డే తాతా. చెప్పులు విడిచి, ముందు సీట్లో కూచుని, ఎవరూ చెప్పకుండానే కళ్లు మూసుకుంది. నేను పెట్టెను ఒక్కో చోట పెట్టి అదే మేళం వేశాను. డిక్కీ మూలలో పెడితే, "వీపుకు తెలస్తాంది, కాళ్లకు లేదు." వెనక సీటు కింద పెడితే, "యాడో పక్కూర్లో జాతర." ముందు సీటు కిందకు తోసి, మందం మ్యాటు తీసేసి పలచనిది వేసి, మేళం పెట్టాను. అమ్మ కళ్లు తెరవలేదు. "ఈడ" అంది. "మా నాయన నేస్తాంటే చిన్నప్పుడు నేను గుంత గట్టు మీద కూచుంటి. ఇట్లనే వస్తాండె."

కాబట్టి డిక్కీ మొత్తం తొట్టిలకే. ఎనిమిదో తేదీ సాయంత్రం వస్తాను. తొమ్మిదో తేదీ పొద్దున బయలుదేరుదాం. నువ్వు రా, రాకపో. ముందు సీటు ఖాళీగానే ఉంటుంది. అవ్వను వెనకే కూచోబెడతాను.

ఉమా.


కడప,
14-8-2025.

తాతకు, అవ్వకు దండాలు.

రాయచోటి నుంచి మీరు బస్సులో క్షేమంగా చేరారని దాసన్న ఫోను చేసి చెప్పాడు. మరుసటి రోజే అంగట్లో పని ఉండి నేను మిమ్మల్ని దింపలేకపోయాను. మనసులో పెట్టుకోవద్దు.

నేను ఒక సంగతి అడగాలి తాతా. ఎదురుగా అడగలేకపోయాను, అడిగినా నీకు అరిచి చెప్పాలి, ఇంటి నిండా చుట్టాలు. అందుకే రాస్తున్నాను.

తొట్టిల డిక్కీలో కట్టాక నువ్వు "పెట్టె యాడ పెట్టినావు చూపీ" అని ముందు సీట్లో కూచున్నావు. చెప్పులు విడిచావు. మేళం వేశాను. మళ్లీ దిగలేదు. అవ్వ చప్పుడు చేయకుండా లోపలికి పోయి నీ పంచె, చొక్కా సంచిలో వేసుకొచ్చింది. నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. కానీ కోడుమూరు దాటాం, కర్నూలు దాటాం, నంద్యాల దాటాం, నువ్వు ఒక్క మాట మాట్లాడలేదు. నా వైపు చూడలేదు. ఆళ్లగడ్డ దాటాక పాట మార్చి ఇంకొకటి వేశాను. అది పాట కాదు. అది ఏమిటో నీకు తెలుస్తుందని ఆశపడ్డాను. నీ మొహంలో ఏమీ మారలేదు. పైగా కాళ్లు పైకి తీసుకుని మళ్లీ పెట్టావు.

మైదుకూరు రాగానే కారు ఆపమని చెయ్యి చూపించావు. దిగి రోడ్డు పక్కన చెప్పులు లేకుండా నిలబడ్డావు. ఆ పెళ్లి గుర్తొచ్చిందేమో, లేక అదురుకు కాళ్లు నొప్పి పుట్టాయేమో అనుకుని పెట్టె ఆపేశాను. మళ్లీ ఎక్కాక రాయచోటి దాకా తలుపు మీద చెయ్యి పెట్టుకుని లోపల లోపలే గొణుక్కుంటూ వచ్చావు. మొదట ఒకసారి గట్టిగా ఏదో అన్నావు, ఎదురు లారీ హారన్‌లో మాట తెలియలేదు, ఆ తర్వాత వినపడనే లేదు, కోపం మాత్రం కనపడింది. నీకు చెప్పకుండా, నీ మీద నేను ఆట ఆడినట్టు నీకు అనిపించిందేమో.

ఇంకొకటి. బిడ్డ చెవిలో పేరు చెప్పేటప్పుడు నీ పెదవులు కదిలాయి గానీ మాకెవరికీ ఏమీ వినపడలేదు. "మీ తాత పేరు చెప్పినాడా, ఊరికే ఒంగి లేసినాడా?" అని శివలీల అత్త అడిగింది. నేను చెప్పాడనే అన్నాను.

పెట్టె వల్ల నీకు కష్టమైతే నాకెందుకది? ఈ ఆదివారం కాక పై ఆదివారం, ఇరవై నాలుగున, పీకేసి అయ్యన్నకు ఇచ్చేస్తాను.

ఉమా.


కోడుమూరు,
18-8-2025.

చిరంజీవి ఉమామహేశ్వరకు.

పెట్టె పీకవద్దు. ముందు ఆ మాట చదువు, తర్వాత తక్కిందంతా చదువు. ఈ జాబు ఆదివారం లోపల అందుతుందో లేదోనని నేనే పోస్టాఫీసుకు నడిచి పోయి వేస్తున్నాను.

నేను కారులో మాట్లాడలేదు. నిజమే. మాట్లాడితే పోతుందేమో అనిపించింది. రోడ్డు అదురు వేరు, అది గజిబిజి. ఇంజను అదురు వేరు, అది ఒకటే గుర్రు. వాటి రెండింటి కింద డోలు వచ్చింది. మొదట మడమకు, తర్వాత వేళ్లకు. ఎడమ డోలు వేరుగా, కుడి డోలు వేరుగా. నీ వైపు చూస్తే నా మొహం నీకు కనపడుతుంది. అందుకే చూడలేదు.

ఆళ్లగడ్డ దాటినాక నువ్వు వేసింది దాసన్న మగ్గం చప్పుడు. నేను కాళ్లు తీసి మళ్లీ పెట్టింది సరిగా చూసుకుందామని. అది దాసన్న తొక్కుడు, వాడు కుడికాలు గట్టిగా వేస్తాడు. వాని పెండ్లినాడు ఆ గుంత నేనే చూసి పెట్టినాను. కానీ ప్రతి నాలుగో దెబ్బకు వెనక ఇంకో చిన్న దెబ్బ వచ్చింది. అది ఉండకూడదు. ఎక్కడో మేకు వదులైంది. ఇదంతా నిజమేనా, నా కాళ్లు నాకు అబద్ధం చెబుతున్నాయా అని అనుమానం వచ్చింది. అందుకే మైదుకూరులో ఆపమన్నాను. దిగి నేల మీద నిలబడినాను. నేల ఊరికే ఉంది. అయితే అదురు నాలో లేదు, కారులోనే ఉంది. మళ్లీ ఎక్కి సంతోషంగా కాళ్లు పెట్టినాను. ఏమీ లేదు. నువ్వు ఆపేసినావు. అయిపోయిందేమో అనుకున్నాను. మళ్లీ వెయ్యమని అడిగేదానికి సిగ్గయింది. మైదుకూరు నాకు గుర్తు రాలేదు. నువ్వు రాసినాకనే గుర్తొచ్చింది.

ఇక గొణుగుడు. కోపం కాదు. కాళ్లకు తెలిసినప్పుడు చేతికి తెలియదా అనిపించింది. తలుపు మీద అరచెయ్యి పెట్టి, సాహితీ, సాహితీ అని అంటా పోయినాను. మొదట గట్టిగా వచ్చినట్టుంది, రేకు అదిరింది. మీ అవ్వ వెనక నుంచి నా భుజం తట్టింది. తగ్గించినాను. ఇంకా తగ్గించినాను. మగ్గం గుంత చూసినట్టే చూసుకున్నాను, చేతికి అదురు తెలియని చోట ఆపినాను. అప్పటికి నువ్వు కూడా తిరిగి చూడడం లేదు. సరిపోయింది అనుకున్నాను. కడప దాటి ఘాట్ దిగేదాకా అదే గొంతుతో అంటా పోయినాను, ఆ కొలత చెయ్యి జారిపోకుండా.

తొట్టిల దగ్గర కూడా అంతే. ఎడమ చెయ్యి తొట్టిల కోడు మీద పెట్టినాను. కొత్తగా చెక్కించిన కోడే. అది అదరలేదు. మూడుసార్లు చెప్పినాను. మూడోసారికి బిడ్డ నా చెవి పట్టుకున్నది. ఏడవలేదు. శివలీల అత్తకు వినపడలేదంటే మంచిదే, ఆమె చెవిలో నేను చెప్పలేదు. అనుమానం తీరకపోతే బిడ్డకు మాటలు వచ్చినాక దాన్నే అడగమను.

ఊరికి వచ్చిన మరుసటి రోజు దాసన్న ఇంటికి పోయినాను. నాలుగేండ్ల తర్వాత. గడపలోనే నిలబడి నోరు తెరిచినాడు. వాడు నా మొహానికి ఎదురుగా నిలబడి మాట్లాడితే నాకు పెదవుల్లో తెలుస్తుంది.

"ఏమప్పా రామలింగప్పా, దావ తప్పి వచ్చినావా?"

"నీ మగ్గంలో మేకు వదులైంది. నాలుగో దెబ్బకు ఆడతాంది."

"నెల నుంచి పోగులు తెగతాండాయి, నాకే తెలీలేదు. చెవిటోనివి నీకెట్ల తెలిసె?"

"ఆళ్లగడ్డ కాడ వింటి" అన్నాను.

వాడు నన్ను కూచోబెట్టి మంచినీళ్లు ఇచ్చి మీ అవ్వను పిలిపించినాడు, నాకు ఎండదెబ్బ తగిలిందని. మీ అవ్వ వచ్చి అంతా చెప్పి నవ్వింది. ఈసారి నవ్వు చూస్తే నాకేమీ అనిపించలేదు. నేను కూడా నవ్వినాను. మేకు బిగించినాను. కుడి పక్క కిందిది. కార్తీకంలో వాని కూతురి పెండ్లి. రమ్మన్నాడు. పోతాను. మేళం ఆగిందో లేదో పందిరి గుంజ పట్టుకుంటే తెలుస్తుంది.

అయ్యన్నకు చెప్పు, చోటు బాగుందని నేను అన్నానని. మీ అమ్మకు కూడా చెప్పు. నేను ఉంటే అక్కడే చూపించేవాన్ని.

నువ్వు ఈసారి వచ్చినప్పుడు దాసన్న మగ్గం చప్పుడు ఫోనులో మళ్లీ కొత్తగా పట్టుకో. నేను బిగించింది సరిగా పడిందో లేదో సీట్లో కూచుని చూస్తాను. మైదుకూరు దాకా పోయి వద్దాం, ఊరికే. ఈసారి నేను దిగితే ఆపవద్దు.

పెట్టె ఇంకా అక్కడే ఉందా, పీకేసినావా? ఆ ఒక్క ముక్క కార్డు మీద రాసి ఇవ్వాళే వెయ్యి. అది వచ్చేదాకా నేను రోజూ అరుగు మీదనే కూచుని ఉంటాను.

మీ తాత,
రామలింగప్ప.